మనసు జబ్బుకు వేరు ఎక్కడ?



విచారణ గురువుగా ఉన్నవారిని ప్రజలు అడిగే ప్రశ్నలలో ఒకటి ఎన్నేళ్ళు గడిచినా మారదు. "ఫాదర్, మావాడికి పట్టింది దయ్యమా, జబ్బా?" చీమకుర్తిలో క్వారీ పనికి పోయే కూలీ అడిగినా, ఊరవతల కౌలుకు పత్తి వేసిన రైతు అడిగినా మాట ఇదే. అడిగేవారి మనసులో అప్పటికే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఎవరో చేతబడి చేశారు, లేదా గాలి సోకింది అన్నది ఒకటి. "వాళ్ళ వంశంలోనే ఉంది" అన్నది ఇంకొకటి. "పనికి ఒళ్ళు వంగక నటిస్తున్నాడు" అన్నది మరొకటి. ఈ మూడింటిలోను చివరిదే క్రూరమైనదని నా అభిప్రాయం. మొదటి రెండు జవాబులు చెప్పేవారికి రోగి మీద కొంత జాలి అయినా మిగులుతుంది. చివరి జవాబు చెప్పేవారు కర్ర అందుకుంటారు.

మతి చలించడానికి శరీరంలో ఉన్న కారణమెంత, చుట్టూ ఉన్న నేల, నీరు, తిండి, అప్పు, ఇంటి వాతావరణం వీటి పాలు ఎంత అని వైద్యశాస్త్రజ్ఞులు వందేళ్ళకు పైగా వెదకుతున్నారు. ఆ వెదకులాటలో ఒక ముఖ్యమైన ఘట్టం మన తెలుగు నేలమీదే జరిగింది. అక్కడినుండే మొదలుపెడదాం.

జొన్నన్నం తిన్నవారి జబ్బు

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నదని మీరు వినే ఉంటారు. అది మొదట తమిళనాడులోని కూనూరులో ఉండేది. 1950ల చివర హైదరాబాదుకు తరలివచ్చింది. అక్కడి వైద్యులు డాక్టర్ కొలత్తూర్ గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకాంతియా ఒక జబ్బును పరిశీలించారు. దాని పేరు పెల్లాగ్రా. మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద, అంటే ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. తరువాత నిద్ర పోతుంది, భయం పుడుతుంది, దిగులు కమ్ముతుంది, ఉన్నవి లేనట్టు, లేనివి ఉన్నట్టు తోస్తాయి. చివరకు మతి పూర్తిగా చెదురుతుంది. చర్మం సంగతి ఎవరూ గమనించకపోతే ఆ మనిషి పిచ్చాసుపత్రికి చేరతాడు, లేదా భూతవైద్యుని చేతికి చిక్కుతాడు.

ఈ జబ్బు మొక్కజొన్న తప్ప మరేమీ తినని పేదలకు వస్తుందని అప్పటికే ప్రపంచానికి తెలుసు. కాని దక్కను పీఠభూమి మీద అది జొన్న తినేవారిలో కనిపించింది. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిను ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది, జొన్నకు ఆ చిక్కు అంతగా లేదు. మరి జబ్బు ఎందుకు వస్తున్నది? జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండి, అది ఒంట్లో నియాసిన్ పనికి అడ్డు తగులుతున్నదని వారు 1960లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రతిపాదించారు. ల్యూసిన్ వాదాన్ని శాస్త్రజ్ఞులందరూ ఒప్పుకోలేదు. దానిపై చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. అయితే ఒక్క సంగతిలో మాత్రం వాదం లేదు. ఈ రోగికి నియాసిన్ ఇచ్చి, పాలు, పప్పు, మాంసం ఏదో ఒకటి పెడితే, చెదిరిన మతి తిరిగి కుదురుకుంటుంది.

జొన్న సంగటి తింటే పిచ్చి పడుతుందేమోనని ఎవరూ కంగారు పడకండి. ఈ రోజుల్లో చక్కెర జబ్బు ఉన్నవారు జొన్నరొట్టె వెదికి కొనుక్కుంటున్నారు, వారికి ఏమీ కాదు. పప్పు, పాలు, గుడ్డు పక్కన ఉంటే జొన్న మంచి ధాన్యమే. మూడు పూటలా జొన్న తప్ప మరొకటి కొనలేని పేదరికమే ఆ జబ్బు తెచ్చింది. తిండి మారిన కొద్దీ మన ప్రాంతంలో పెల్లాగ్రా అరుదైపోయింది. ఇప్పుడు కనిపిస్తే ఎక్కువగా తిండి మానేసి సారా మీద బతికేవారిలో కనిపిస్తుంది. క్షయకు వాడే ఐసోనియాజిడ్ మాత్ర వల్ల కూడా కొద్దిమందిలో ఇలాంటి లోపం, మనసు తబ్బిబ్బు కలగవచ్చు. క్వారీల రాతి ధూళి ఊపిరితిత్తులకు పట్టినవారికి క్షయ తొందరగా సోకుతుంది కనుక మన ప్రాంతం వారు ఇది తెలుసుకోవాలి. అలాగని క్షయ మాత్ర సొంతంగా మానేయకూడదు. డాక్టరుకు చెబితే దానికి తోడుగా వేరే విటమిను ఇస్తారు.

పత్తి పండిన చోట ఆకలి

ఇదే జబ్బు అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో వేలమందిని పొట్టన పెట్టుకున్నది. అది పత్తి పండే నేల. అందుకే మన గుంటూరు, ప్రకాశం జిల్లాలవారు ఆ కథ వినదగ్గది. 1914లో అక్కడి ప్రభుత్వం జోసఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుని పంపింది. అప్పటికి అందరూ ఇది అంటువ్యాధి అనుకుంటున్నారు. ఆయన పిచ్చాసుపత్రులు, అనాథాశ్రమాలు తిరిగి ఒక చిన్న సంగతి పట్టుకున్నారు. లోపల ఉన్న రోగులకు జబ్బు వస్తున్నది, వారిని రాత్రింబగళ్ళు చూసుకునే నర్సులకు, కావలివారికి మాత్రం రావడం లేదు. అంటువ్యాధి అయితే మనిషి ఉద్యోగం చూసి అంటుతుందా? తేడా వారి కంచాలలో ఉన్నది.

1915లో మిసిసిపి రాష్ట్రంలోని ఒక జైలు పొలంలో, విడుదల చేస్తామన్న మాట మీద ముందుకు వచ్చిన 11 మంది ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన ఆ పేదల తిండినే కొన్ని నెలలు పెట్టారు. ఆరుగురికి జబ్బు లక్షణాలు వచ్చాయి. అయినా ప్రత్యర్థులు నమ్మలేదు. అది అంటదని చూపడానికి గోల్డ్‌బర్గర్, ఆయన సహచరులు రోగుల రక్తాన్ని తమకే ఎక్కించుకున్నారు. ఆయన భార్య కూడా ఎక్కించుకున్నది. ఎవరికీ జబ్బు రాలేదు. 1937లో ఎల్వెహెం అనే శాస్త్రజ్ఞుడు ఆ లోపం నికొటినిక్ ఆమ్లం, అంటే నియాసిన్ అని తేల్చాడు. మరుసటి సంవత్సరమే, మతి చెదిరిన పెల్లాగ్రా రోగులు ఈ విటమినుతో కొద్ది రోజుల్లోనే తేరుకున్నట్టు వైద్యులు రాశారు. అంతకు ముందు వారిని పుట్టు పిచ్చివారని అనుకున్నవారు ఎందరో!

ఇందులో పత్తి పాత్ర ఏమిటి? అక్కడి కౌలు రైతులు గుమ్మం దాకా పత్తే వేసేవారు. కూరపాదుకు, ఆవుకు చోటు లేదు. భూస్వామి కొట్టులో అరువుకు దొరికే మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, పంది కొవ్వు, ఇదే సంవత్సరం పొడుగునా తిండి. ఆ తరువాత ముక్కుపురుగు వచ్చి పత్తిని నాశనం చేసింది. విధిలేక రైతులు తిండిపంటలు వేశారు. పురుగు ముందుగా చేరిన ప్రాంతాలలో పెల్లాగ్రా మరణాలు తగ్గాయని 2019లో ఆర్థిక చరిత్రకారులు లెక్కలు కట్టి చూపారు. పంటను తిన్న పురుగు మనుషుల మతిని కాపాడింది! ఇది చదివినప్పుడు నేను కొంతసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

మన పత్తి, మన మందు

మన పత్తి కథ వేరు. మన నేలలో మనిషికి తక్కువైనది విటమిను కాదు, ఎక్కువైనది విషం. తెలుగులో ఒక విచిత్రం ఉన్నది. జ్వరానికి వేసుకునేదీ మందే, పురుగుకు కొట్టేదీ మందే, సారా కొట్టులో అమ్మేదీ మందే. రైతు కుటుంబంలో మనసు జబ్బు వస్తే, ఈ మూడు మందులలో ఏది ఎంత పని చేసిందో విడదీయడం వైద్యునికి సగం పని.

1987, 88 ప్రాంతంలో తెల్లదోమ విరుచుకుపడి ప్రకాశం, గుంటూరు జిల్లాలలో పత్తి పోయింది. ఎంత మందు కొట్టినా దోమ చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. అప్పుడు ప్రాణం తీసుకున్న రైతుల వార్తలు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. పదేళ్ళ తరువాత, 1997, 98లో, వరంగల్లు ప్రాంతంలో అదే దుఃఖం ఇంకా పెద్దదై వచ్చింది. అప్పటినుండి ఈ విషయం మీద రాసినవారంతా అప్పు, వడ్డీ, ధర, కల్తీ విత్తనం గురించి రాశారు. అది న్యాయమే. అయితే పురుగుమందు రైతు నరాల మీద ఏం చేస్తుందన్న ప్రశ్న వెనుకబడిపోయింది.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటివి ఆర్గానోఫాస్ఫేటు జాతి మందులు. మన నరాలు ఒకదానికొకటి కబురు చెప్పుకోవడానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వాడతాయి. కబురు చేరిన వెంటనే ఒక ఎంజైము దానిని తుడిచివేయాలి. ఈ మందులు ఆ ఎంజైమును కట్టివేస్తాయి. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. పురుగు అలాగే చస్తుంది. మనిషికి కొద్ది మోతాదు చేరితే చెమట, తలతిప్పు, వాంతి, కళ్ళు మసక, చేతులు వణకడం కనిపిస్తాయి. సాయంత్రానికి తగ్గిందని రైతు మజ్జిగ తాగి పడుకుంటాడు. ఇలా ఒక సీజనులో ఎన్నిసార్లు జరుగుతుందో లెక్క ఉండదు.

లెక్క రాసినవారు లేకపోలేదు. 2003 ఆగస్టు నుండి డిసెంబరు వరకు, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాలలో 50 మంది పత్తి రైతు మహిళలు, తమకూ తమ ఇంటి మగవారికీ మందు కొట్టిన తరువాత కలిగిన బాధలను తామే నమోదు చేశారు. 2005లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. నమోదైన 323 సందర్భాలలో నూటికి 80కి పైగా విషప్రభావ లక్షణాలు, కొన్ని తేలికవి, కొన్ని తీవ్రమైనవి, ఉన్నాయి. పెద్ద రైతులకంటె చిన్న రైతులే ఎక్కువగా తీవ్రమైన బాధకు లోనయ్యారు. మందు కొట్టేది మగవాడే అయినా, బిందెలో కలిపేది, ట్యాంకు నింపేది, మందు బట్టలు ఉతికేది ఆడమనిషి అన్న సంగతి మనకు తెలిసిందే. మిర్చి చేలో మందు ఆరకముందే కాయ కోతకు దిగేదీ ఆమే.

ఒంటి బాధ మనసుకు చేరుతుందా? అమెరికాలోని అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాలలో పురుగుమందు కొట్టేవారిని ఏళ్ళ తరబడి వెంబడించిన ఒక పెద్ద పరిశోధన ఉన్నది. పురుగుమందు విషం ఎక్కినట్టు వైద్యులు నిర్ధారించినవారిలో, డిప్రెషన్ అనే దిగులు జబ్బు మిగిలినవారికంటె రెండున్నర రెట్లు ఎక్కువగా ఉన్నట్టు 2008లో ప్రకటించారు. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని తేలిపోదు. తర్కశాస్త్రం చదువుకున్నవాడిగా ఈ హెచ్చరిక నేను చెప్పకతప్పదు. దిగులుతో ఉన్నవాడు మాస్కు మరచిపోయి విషం పీల్చి ఉండవచ్చు, అప్పే రెండింటికీ మూలం కావచ్చు. అయినా నరాల మీద పని చేసే విషం నరాల పనిని చెడగొడుతుందంటే ఆశ్చర్యపడవలసినది ఏమున్నది? రుజువు పూర్తయ్యేదాకా చేతికి తొడుగు వేసుకోనని పంతం పట్టడంలో మాత్రం తర్కం లేదు.

ఇంకొక సంగతి గట్టిగా రుజువైనది. పొరుగున ఉన్న శ్రీలంకలో 1995లో ఆత్మహత్యల రేటు ప్రపంచంలోనే ఎక్కువ రేట్లలో ఒకటి. అందులో అధికభాగం పురుగుమందు వల్లనే. అక్కడి ప్రభుత్వం ఒక్కొక్కటిగా అతి విషపూరితమైన మందులను నిషేధించింది. పదేళ్ళలో ఆత్మహత్యలు సగానికి తగ్గాయి, ఆ తరువాత ఇంకా తగ్గాయి. అక్కడి ప్రజల అప్పులు తీరిపోలేదు, కుటుంబ కలహాలు ఆగిపోలేదు. క్షణికమైన నిరాశలో చేయి చాపినప్పుడు అందిన వస్తువు అంత విషం కాకపోవడంతో వేలమంది బతికారు, బతికాక ఆ నిరాశ దాటిపోయింది. ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చి చూసిన ప్రయత్నం మాత్రం అదే దేశంలో ఫలించలేదని 2017లో తేలింది. కనుక ఇది ఒక్క కుటుంబం జాగ్రత్తతో తీరేది కాదు, ప్రభుత్వం చేయవలసిన పని. మన దేశంలో ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. అయినప్పటికీ, ఇంట్లో ఎవరైనా దిగులుతో ముభావంగా ఉంటే మందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి. ఆ సీజనుకు పొరుగువారి దగ్గర పెట్టండి.

"వాళ్ళ వంశంలో ఉంది"

పెళ్ళి సంబంధాల సమయంలో ఈ మాట ఎన్ని జీవితాలను కాల్చిందో! ఇందులో నిజం లేకపోలేదు. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మనసు జబ్బు మొత్తం జనాభాలో నూటికి దాదాపు ఒకరికి వస్తుంది. తల్లి లేదా తండ్రికి ఉంటే పిల్లలలో నూటికి సుమారు పదిమందికి రావచ్చు. పదింతలు అన్న మాట విని అందరూ భయపడతారు. నూటికి తొంభైమందికి రాదన్న సంగతి అదే లెక్కలో ఉన్నది కదా.

ఒకే అండం నుండి పుట్టిన కవలలను చూడండి. ఇద్దరి జన్యువులూ ఒకటే. జబ్బు అంతా వంశంలోనే ఉంటే ఒకరికి వచ్చినప్పుడు రెండవవారికి తప్పకుండా రావాలి. కాని దాదాపు సగం సందర్భాలలోనే అలా జరుగుతుంది. ఒకే సంచిలోని మిరప విత్తనం నల్లరేగడిలో ఒకలా, చల్కలో ఒకలా పండడం మనకు కొత్తా? 2022లో ప్రపంచంలోని శాస్త్రజ్ఞులు కలిసి, స్కిజోఫ్రీనియాతో సంబంధం ఉన్న చోట్లను మన జన్యుపటంలో 287 గుర్తించారు. ఒక్కొక్కటీ చేసే పని బహు స్వల్పం. వాటిలో కొన్ని మీలోనూ ఉంటాయి, నాలోనూ ఉంటాయి. అందువల్ల 'పిచ్చి వంశం', 'మంచి వంశం' అన్న గీత ఎక్కడ గీస్తారు?

పత్రికలలో 'దిగులు జన్యువు దొరికింది' వంటి వార్త చూస్తే కొంచెం ఆగండి. 2003లో అలాంటి వార్త ఒకటి ప్రపంచమంతా మోగింది. కష్టాలు వచ్చినప్పుడు ఫలానా జన్యువు ఉన్నవారే కుంగిపోతారని అది చెప్పింది. వినడానికి ఎంతో ఇంపుగా ఉన్నది. 2019లో లక్షల మంది వివరాలతో పరీక్షించి చూస్తే అది నిలబడలేదు.

నిలబడినవి వేరే ఉన్నాయి. 1944, 45 చలికాలంలో, యుద్ధం వల్ల హాలెండులో భయంకరమైన కరువు వచ్చింది. ఆ కరువు ముదిరిన రోజుల్లో తల్లి కడుపున పడిన బిడ్డలు పెద్దవారయ్యాక, వారిలో స్కిజోఫ్రీనియా రెండింతలు కనిపించింది. చైనాలో 1959 నుండి 1961 వరకు వచ్చిన కరువు తరువాత కూడా ఇదే లెక్క తేలింది. గర్భిణి కంచంలో తక్కువైన ముద్ద ఇరవై ఏళ్ళ తరువాత కొడుకు మనసులో లోటుగా తేలవచ్చునన్నమాట. నెలలు నిండుతున్నా కాయ కోతకు పోయే తల్లి గురించి, ఆమెను పంపే ఇంటి గురించి ఇక్కడ వేరే చెప్పాలా?

గంజాయి సంగతి కూడా యువకులు వినాలి. స్వీడనులో సైన్యంలో చేరే వయసు యువకులు 45 వేలకు పైగా మందిని పదిహేనేళ్ళు గమనించి 1987లో ఫలితాలు చెప్పారు. తరచుగా గంజాయి తాగినవారిలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు కనిపించింది. తరువాత వచ్చిన పరిశోధనలు ఆ అంకెను కొంత తగ్గించాయి గాని, దారి మార్చలేదు.

ఇల్లు కూడా వాతావరణమే

వాతావరణం అంటే గాలి, నీరు, మందు మాత్రమే అనుకుంటాం. ఇంట్లో మాట కూడా వాతావరణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర తొమ్మిది దేశాలలో స్కిజోఫ్రీనియా రోగులను గమనించడం మొదలుపెట్టింది. మన దేశం నుండి ఆగ్రా అందులో ఉన్నది. రెండేళ్ళ తరువాత చూస్తే ఆగ్రా, నైజీరియాలోని ఇబాదాన్ వంటి చోట్ల రోగులు, లండను, వాషింగ్టనులలోని రోగులకంటె బాగా కోలుకున్నారు. దీనికి కారణం ఏమిటన్న దానిపై వాదాలు ఇంకా ఉన్నాయి. ఒక జవాబు చండీగఢ్ నుండి 1987లో వచ్చింది. రోగిని నిత్యం తప్పుపట్టడం, ఎత్తిపొడవడం ఉన్న ఇళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని ఇంగ్లండులో ముందే తెలుసు. చండీగఢ్ ప్రాంతపు కుటుంబాలలో అలాంటి ఇళ్ళు లండనులో కంటె తక్కువగా ఉన్నట్టు తేలింది.

ఇది విని మురిసిపోవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, మనసు జబ్బు ఉన్నవారిని ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది కదలలేక కాలిపోయారు. వారిని అక్కడికి తెచ్చి వదిలినవారు బంధువులే. స్వస్థత కోసం దర్గాకు వచ్చినవారి కథ అది. ఏ మతం వారైనా ఇందులో గొప్పలు చెప్పుకోవడానికి లేదు. మన పుణ్యక్షేత్రాల వద్ద, ఉపవాస ప్రార్థన కూటాల వద్ద చెట్టుకు కట్టిన మనిషిని చూసి పక్కనుండి పోయినవారు మనలో ఉన్నారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసుతో కట్టడం నేరం. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలి గాని శిక్షించకూడదని కూడా ఆ చట్టమే చెబుతున్నది. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకుపోవడం ఆలస్యం చేయకండి.

శ్రీసభ చరిత్రలో మంచి ఉదాహరణ లేకపోలేదు. బెల్జియంలో గీల్ అనే ఊరు ఉన్నది. పునీత దింఫ్నా సమాధి వద్దకు స్వస్థత కోసం తెచ్చిన రోగులు గుడి వసారాలు నిండిపోతే, ఊరివారు తమ ఇళ్ళలో ఉంచుకోవడం మొదలుపెట్టారు. శతాబ్దాలు గడిచాయి. ఈనాటికీ ఆ ఊరి కుటుంబాలు, వైద్యుల పర్యవేక్షణలో, మనసు జబ్బు ఉన్నవారిని అతిథులుగా ఇంట్లో పెట్టుకుంటున్నాయి. పొలంలో, వంటింట్లో చేతనైన పని ఇస్తున్నాయి.

మరి దయ్యం మాట?

మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1673వ పేరాలో, భూతోచ్ఛాటనకు పూనుకోకముందు అది జబ్బు కాదని నిర్ధారించుకోవాలని, జబ్బు, ముఖ్యంగా మనసు జబ్బు, వైద్యశాస్త్రానికి చెందిన విషయమని ఉన్నది. శ్రీసభ చట్టం 1172వ నియమం ప్రకారం పీఠాధిపతుల ప్రత్యేక అనుమతి లేకుండా ఏ గురువూ ఆ పని చేయకూడదు. అంటే మీ వీధిలో మైకు పెట్టి దయ్యాలు వెళ్ళగొడతానని, మందులు మానేస్తేనే విశ్వాసం ఉన్నట్టని చెప్పేవారికి ఏ అధికారమూ లేదు.

ప్రార్థన వద్దని నేను అనడం లేదు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం కోరితే గురువు తప్పక వస్తారు. అయితే ఆత్మ, శరీరం రెండు వేర్వేరు గదులు కావు. పునీత తోమాసు అక్వినాసు వారు దైవశాస్త్ర సంగ్రహంలో దుఃఖానికి విరుగుళ్ళు చెబుతూ, సత్యాన్ని ధ్యానించడం, స్నేహితుల ఓదార్పు వీటితోపాటు నిద్రను, స్నానాన్ని కూడా చేర్చారు. సెమినరీలో అది చదివి మేము నవ్వుకునేవాళ్ళం. అంత పెద్ద వేదాంతి వేడినీళ్ళ స్నానం గురించి రాయడమేమిటని! శరీరం కుదుటపడితే మనసుకు ఊరట దొరుకుతుందని దాదాపు ఏడువందల యాభై ఏళ్ళనాడే ఆయనకు తెలుసు.

జాతీయ స్థాయిలో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 2015, 16లో 12 రాష్ట్రాలలో సర్వే చేస్తే, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మనసు జబ్బుతో ఉన్నారని, వారిలో అధికభాగం వైద్యం అందనివారని తెలిసింది. ఆ 12లో మన రాష్ట్రం లేదు. మన దగ్గర పరిస్థితి ఇంతకంటె మెరుగ్గా ఉంటుందని నేను అనుకోను.

ఇక చేయవలసినది. టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులో దొరుకుతుంది. చీమకుర్తి నుండి ఒంగోలు బస్సు ఎంతసేపో మీకు తెలుసు. అక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుని చూడవచ్చు. మందులు మొదలుపెడితే గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, పది రోజులకే మానేయకండి. మీవాణ్ణి తీసుకువెళ్ళే ముందు రాత్రి ఒక చీటీ రాసుకోండి. ఈ సంవత్సరం ఏయే పురుగుమందులు ఎప్పుడెప్పుడు కొట్టాడు, కొట్టిన రోజున వాంతి, వణుకు వచ్చాయా? క్షయ మాత్రలు గాని మరేవైనా గాని వాడుతున్నాడా? సారా ఎంత, గంజాయి ఉన్నదా? రోజూ కంచంలో ఏం తింటున్నాడు? నిద్ర ఎప్పటినుండి పోయింది? ఒంటిమీద, మెడ దగ్గర, చేతుల మీద చర్మం ఎక్కడైనా నల్లబడిందా? అప్పు ఎంత, ఎవరికి? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా? సిగ్గుపడకుండా అన్నీ రాయండి. రాయడం రాకపోతే మీ పిల్లలచేత గాని, గుడిలో ఉపదేశిచేత గాని రాయించుకోండి. ఓ.పి. చీటీతోపాటు దానినీ డాక్టరు చేతికి ఇవ్వండి.